మెట్టసీమలో సూర్యుని పంట

(హుస్నాబాదు సీమ చరిత్ర – ధారావాహిక)

గడచిన భాగమున హుస్నాబాదు పరిసర గ్రామముల చెరువులను, వాటి తూములను, అలుగులను, వంతులు కాచి పొలములకు నీరు పంచిపెట్టు నీరటివారిని గూర్చి విన్నవించితిని. గోదావరి ఎంత నిండుగా ప్రవహించినను ఆ నీరు తనంతట ఎక్కిరాజాలని ఈ ఎత్తునేలపై, ఆకాశమునుండి రాలిన చినుకును రాలిన ఊరిలోనే కట్టవేసి నిలుపుకొనుట తప్ప పూర్వులకు గత్యంతరము లేకపోయెననియు, కాకతీయుల కాలమున వర్ధిల్లిన గొలుసుకట్టు చెరువుల వ్యవస్థకు ఆ అవసరమే తల్లియనియు అందు చెప్పియుంటిని. ఇప్పుడు చెప్పబోవునది అదే ఆకాశమునుండి దిగివచ్చు మరియొక సంపద కథ. వానకంటె మిక్కుటముగా, వానవలె ముఖము చాటువేయక, ఏటికేడు ఈ నేలపై కురియుచు వచ్చినది ఎండ. దానికి మాత్రము మనుష్యుడు నిన్నమొన్నటివరకు కట్ట కట్టనేరడయ్యెను.

నడినెత్తి సూర్యుడు

హుస్నాబాదు ఇంచుమించు పదునెనిమిదవ ఉత్తర అక్షాంశమునందున్నది. కర్కాటకరేఖకును భూమధ్యరేఖకును నడుమనున్న ప్రతి ఊరిలోవలెనే ఇచ్చటను సూర్యుడు ఏటికి రెండు పర్యాయములు సరిగా నడినెత్తికి వచ్చును. ఉత్తరమునకు సాగిపోవునపుడు మే నెల రెండవ వారమున ఒకమారు, మరలివచ్చునపుడు జూలై కడపట మరొకమారు. ఆ మధ్యాహ్నములందు నిలువుగా పాతిన గుంజకు నీడ కానరాదు. రోహిణికార్తె ఎండలకు రోళ్ళు పగులునన్న సామెత మన పెద్దలు ఎండను కొలిచిన కొలబద్ద. నేటి శాస్త్రజ్ఞులు కొలిచి చెప్పు లెక్క వేరు: తెలంగాణ నేలపై చదరపు మీటరొక్కింటికి దినమునకు సగటున ఐదు యూనిట్లకు పైబడిన సౌరశక్తి పడుచున్నది. దీనిని ఎకరములలోనికి మార్చి చూచినచో, ఎకరము నేలపై ఒక్క దినమున కురియు ఎండలో ఇరువదివేల యూనిట్ల శక్తి ఇమిడియున్నదని తేలును.

ఇంతటి ఐశ్వర్యమును ఈ సీమవాసులు శతాబ్దములపాటు ఆపదగనే ఎరిగిరి. ఫాల్గుణము దాటగనే చెరువు అడుగంటుటకును, మోటబావులలో నీరు దిగిపోవుటకును, పైరు తాలుపోవుటకును కారణభూతమైన ఎండను సంపదయని పిలుచుటకు ఏ రైతుకు నోరు వచ్చును? సూర్యుడు మకరరాశిని ప్రవేశించు సంక్రాంతివేళ భీమదేవరపల్లి మండలములోని కొత్తకొండ వీరభద్రస్వామి జాతరకు గుమ్మడికాయలును కోరమీసములును మొక్కుబడిగా తెచ్చు భక్తజనము కోరుకొనునది పాడిపంటల చల్లదనమేకాని ఎండ కాదు. కావున, ఈ సీమలో సూర్యుడు శత్రుపక్షమునుండి మిత్రపక్షమునకు వచ్చుట సామాన్యమైన మార్పు కాదు. అది ఎట్లు సంభవించినదో తెలియవలెనన్నచో మొదట ఇక్కడికి కరెంటు ఎట్లు వచ్చినదో తెలిసికొనవలెను.

దూరమునుండి వచ్చిన దీపము

హైదరాబాదు రాజ్యములో విద్యుత్ శాఖ 1910లో ఏర్పడినది. హుస్సేనుసాగరు గట్టున 1920 ప్రాంతమున నెలకొల్పబడిన ఆవిరి విద్యుత్ కేంద్రము సింగరేణి బొగ్గును కాల్చి రాజధాని వీధులకు వెలుగునిచ్చెను. ఎల్గందల జిల్లా పేరు పోయి కరీంనగరు జిల్లాయను పేరు వచ్చి అప్పటికి పదునైదేండ్లు. ఆ జిల్లాలోని పల్లెలలో ఆముదపు ప్రమిదయు, కిరోసిను బుడ్డియు తప్ప వేరు దీపము లేదు. 1948 మార్చి 14వ తేదీన హుస్నాబాదు చేరువనున్న మహమ్మదాపురము గుట్టలలో సాయుధపోరాట నాయకుడు అనభేరి ప్రభాకరరావును ఆయన సహచరులును నిజాము బలగముల తూటాలకు బలియైన నాటికిని ఈ పల్లెల రాత్రులు అట్టివే.

1959 ఏప్రిల్ 1వ తేదీన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ బోర్డు ఏర్పడినపిమ్మట స్తంభములు పల్లెబాట పట్టెను. 1970లో సిరిసిల్లలో పని ప్రారంభించిన సహకార విద్యుత్ సరఫరా సంఘము, వాడకందారులే సభ్యులై, కరెంటు పంపకమును తమ చేతిలోనికి తీసికొన్న అపూర్వోదాహరణము. 1971లో రామగుండమున అరువదిరెండున్నర మెగావాట్ల కేంద్రము పనిచేయనారంభించెను. 1978లో అదే రామగుండమున జాతీయ థర్మల్ విద్యుత్ సంస్థ మహాకేంద్రమునకు శంకుస్థాపన జరిగి, 1983లో మొదటి యూనిట్టు వెలిగి, కాలక్రమమున ఆ కేంద్రము 2,600 మెగావాట్ల సామర్థ్యమునకు పెరిగెను. కరీంనగరు జిల్లా ఆ విధముగా దక్షిణభారతమునకే దీపస్తంభమైనది.

అయినను దీపము క్రింద చీకటి యన్న లోకోక్తి ఇచ్చట అక్షరాల నిజమయ్యెను. రామగుండపు విద్యుత్తు మహాతంత్రులపై దూరదేశములకు సాగిపోవుచుండగా, అదే జిల్లాలోని మెట్టగ్రామపు ఫీడరుకు త్రీఫేజు కరెంటు విడతలవారీగా, తరచుగా అర్ధరాత్రివేళ వచ్చెడిది. చెరువులు పూడి బోరుబావులు పెరిగిన కాలమున ఈ రాత్రి కరెంటు రైతును నిద్రకు దూరము చేసినది. స్టార్టరు మీట నొక్కుటకు చీకటిలో పొలముగట్టున నడచినవారిలో పాముకాటునకు, విద్యుద్ఘాతమునకు గురియైనవారు ప్రతి మండలములోను కలరు. నీటికైనను ఈ దూరపు కరెంటే దిక్కు. ఇప్పుడు అక్కన్నపేట మండలమున నిర్మాణమైన గౌరవెల్లి జలాశయము, మధ్యమానేరు నీటిని మోటారులతో పైకి ఎత్తిపోసినగాని నిండదు. 1.41 టీఎంసీల కొలతతో తలపెట్టబడి 8.23 టీఎంసీలకు విస్తరింపబడిన ఆ జలాశయమునకు ప్రాణవాయువు విద్యుత్తే. మెట్టసీమకు నీరు కావలెనన్న కరెంటు కావలెను. కరెంటు దూరమునుండి రావలెను. ఈ సీమ ఆధునిక చరిత్రనంతను ఈ ఒక్క ముడి బంధించియున్నది.

బొంబాయి అద్దములు, న్యూయార్కు బంగారు రేకు

ఈ ముడి విప్పు విద్య బహుదేశములలో, బహుకాలమున, ఒకరినొకరు ఎరుగని మనుష్యుల చేతులలో పెరిగినది. సూర్యునినుండి పని రాబట్టుటకు రెండు మార్గములు కలవు: ఎండలోని వేడిని పట్టి ఆవిరిని పుట్టించుట యొకటి, ఎండలోని వెలుతురును సూటిగా విద్యుత్తుగా మార్చుట రెండవది. మొదటి మార్గమున మన దేశమునకు పేరెన్నికగన్న పూర్వచరిత్ర కలదని చాలమందికి తెలియదు. బొంబాయి హైకోర్టులో డిప్యూటీ రిజిస్ట్రారుగా నుండిన విలియం ఆడమ్స్ అను ఆంగ్లేయుడు చదునైన అద్దములను అర్ధవలయాకారమున పేర్చి, వాటి ప్రతిఫలితకాంతినంతను ఒక బాయిలరుపై కేంద్రీకరించి, రెండున్నర అశ్వశక్తుల ఆవిరి పంపును నడిపించి చూపెను. ఉష్ణదేశములలో వంటచెరకునకు, బొగ్గునకు బదులు సూర్యతాపమును వాడవచ్చునని 1878లో ఆయన ఒక గ్రంథమునే ప్రకటించెను. అదే ఏట పారిసు ప్రదర్శనశాలలో ఫ్రెంచి ఉపాధ్యాయుడు ఆగస్టిన్ మూషో సూర్యయంత్రమును ప్రదర్శించి ప్రశంసలందెను. అయితే బొగ్గు చౌకయగుటచే ఈ ప్రయత్నములు వెనుకబడిపోయెను.

రెండవ మార్గము మరింత నిశ్శబ్దముగా మొదలయినది. 1839లో ఎడ్మండ్ బెకెరెల్ అను పందొమ్మిదేండ్ల ఫ్రెంచి యువకుడు తన తండ్రి ప్రయోగశాలలో, ఆమ్లద్రావణమున ముంచిన లోహపు పలకలపై వెలుతురు పడినపుడు విద్యుత్ప్రవాహము పుట్టుటను గమనించెను. 1873లో సముద్రగర్భపు తంతితీగలను పరీక్షించుచున్న విలోబీ స్మిత్, తాను వాడుచున్న సెలీనియం కడ్డీలు చీకటిలో ఒకతీరున, వెలుతురులో వేరొకతీరున ప్రవర్తించుటను కనిపెట్టెను. 1876లో లండనులో మరియొక ఆడమ్స్, డే అను ఇరువురు, కదలు భాగమేదియు లేకుండ, కేవలము వెలుతురు పడుటచేతనే సెలీనియము విద్యుత్తును పుట్టించునని నిరూపించిరి. న్యూయార్కులో చార్లెస్ ఫ్రిట్స్ 1883లో సెలీనియముపై అతిపలుచని బంగారు రేకు పరచి మొట్టమొదటి సౌరఫలకమును చేసెను. తనపై పడిన శక్తిలో నూటికి ఒక వంతును మాత్రమే అది విద్యుత్తుగా మార్చగలిగినది. ఇదెట్లు జరుగుచున్నదో చెప్పువాడు మాత్రము చాలకాలము లేకపోయెను. వెలుతురు అవిచ్ఛిన్నమైన తరంగముగ మాత్రమే గాక విడివిడి శక్తికణములుగా కూడ వ్యవహరించునని 1905లో ఐన్‌స్టీన్ ప్రతిపాదించిన పిమ్మటనే ఆ చిక్కు విడినది. 1921 సంవత్సరపు నోబెల్ బహుమానము ఆయనకు ముఖ్యముగా లభించినది ఈ వివరణమునకే.

విద్య పరిణతి చెందినది అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో. 1940లో అచ్చట రస్సెల్ ఓల్ అనునతడు పగులుబారిన ఒక సిలికాన్ తునకపై దీపకాంతి పడినపుడు ఊహింపని విద్యుత్తు పుట్టుటను చూచి, ఆ పగులుకు ఇరువైపుల నున్న మాలిన్యములు వేరువేరగుటయే అందుకు కారణమని గ్రహించెను. ఉష్ణప్రదేశపు ఉక్కపోతలో టెలిఫోను బ్యాటరీలు చెడిపోవుటను నివారించు ఉపాయమును వెదకుచుండిన డారిల్ చాపిన్, ఆయన సహచరులు కాల్విన్ ఫుల్లర్, జెరాల్డ్ పియర్సన్ 1954 ఏప్రిల్ 25న ప్రకటించిన సిలికాన్ సౌరఘటము నూటికి ఆరు వంతుల శక్తిని విద్యుత్తుగా మార్చినది. వేడి దేశముల కొరకు మొదలైన ఆ అన్వేషణ ఫలము మొదట చేరినది అంతరిక్షమునకు. 1958 మార్చి 17న ఎగసిన వాన్‌గార్డ్ ఉపగ్రహము సౌరఘటముల బలముతో ఆరేండ్లు సంకేతములు పంపెను. మన దేశమున సాహిబాబాదులోని సెంట్రల్ ఎలక్ట్రానిక్స్ సంస్థ 1977లో తొలి సౌరఘటమును, మరుసటి యేట తొలి ఫలకమును తయారుచేసినది. అప్పటికిని అది ఖరీదైన వింతవస్తువే. రైతు పొలమునకు చేరుటకు మరి మూడు దశాబ్దములు పట్టెను.

సిలికాన్ పలకలోని వ్యవహారము

ఎండ కరెంటుగా మారు విధమును కొంత నిదానముగా పరిశీలింతము. సిలికాన్ ఇసుకలోను, ఈ సీమ గుట్టలలోని పలుగురాతిలోను ఉన్న మూలపదార్థమే. దానిని మహోష్ణమున కరగించి, మాలిన్యములను తొలగించి, స్ఫటికముగా పెంచి, మిల్లీమీటరులో అయిదవ వంతుకంటె పలుచని బిళ్ళలుగా కోయుదురు. శుద్ధమైన సిలికాన్ స్వభావతః విద్యుత్తును సులభముగా ప్రసరింపనీయదు. దానిలో ఒక పొరకు అత్యల్పముగా ఫాస్ఫరస్ చేర్చినచో ఆ పొరలో ఎలక్ట్రానులు కొన్ని అదనముగా మిగిలిపోవును. మరియొక పొరకు బోరాన్ చేర్చినచో అందు ఎలక్ట్రానులకు ఖాళీలు ఏర్పడును. ఈ రెండు పొరలు కలిసిన సరిహద్దున, ఎలక్ట్రానులను ఒకవైపునకే తోయు ఒక అంతర్గత విద్యుత్క్షేత్రము తనంతట ఏర్పడును. సూర్యకాంతికణము వచ్చి తాకినపుడు సిలికాన్‌లో బంధింపబడియున్న ఎలక్ట్రాను విడివడి స్వేచ్ఛ పొందును. సరిహద్దు క్షేత్రము దానిని ఒకవైపునకు నెట్టివేయును. బయట తీగను కలిపినచో ఆ ఎలక్ట్రాను తీగ గుండ పయనించి, మోటారును త్రిప్పి, దీపమును వెలిగించి, రెండవ వైపునుండి తన స్థానమునకు తిరిగివచ్చును. ఇందు దేనినీ కాల్చుట లేదు, ఏదియు తిరుగుట లేదు, పలకలోనుండి ఏదియు తరిగిపోవుట లేదు.

ఎండ యంతయు విద్యుత్తుగా మారదు. కొన్ని కాంతికణములకు ఎలక్ట్రానును విడిపించు శక్తి చాలదు. కొన్నింటికి అవసరమునకు మించి యుండుటచే ఆ మిగులు వేడిగా వ్యర్థమగును. ఒకే సరిహద్దు గల సిలికాన్ ఘటము ఎంత ఉత్తమముగా చేసినను మూడవ వంతునకు మించి రాబట్టజాలదని షాక్లీ, క్వైసర్ అను శాస్త్రజ్ఞులు 1961లోనే గణించిరి. నేడు పొలములందు కనబడు పలకలు నూటికి సుమారు ఇరువది వంతులను రాబట్టుచున్నవి.

ఇచ్చట ఒక విచిత్రమును చెప్పక తప్పదు. పలకకు కావలసినది వెలుతురేగాని వేడి కాదు. ఇరువదియైదు డిగ్రీల ఉష్ణోగ్రతకు పైన పలక వేడెక్కిన ప్రతి డిగ్రీకి దాని శక్తి నూటికి సుమారు అరవంతుకు కొంచెము తక్కువగా తరుగును. రోహిణికార్తె మధ్యాహ్నమున పలక అరువదియైదు డిగ్రీలకు కాగినచో దాని శక్తిలో ఇంచుమించు ఆరవ వంతు హరించుకొనిపోవును. రోళ్ళు పగులగొట్టు ఎండకంటె, ఆకాశము నిర్మలమై గాలి చల్లగా వీచు మాఘఫాల్గుణముల ఎండయే సౌరకేంద్రమునకు మేలు చేయును.

నాలుగైదు ఎకరముల కేంద్రము

ఒక మెగావాటు సౌరకేంద్రమునకు నాలుగైదు ఎకరముల నేల చాలును. వరి పండని రాతినేలయైనను, చౌడునేలయైనను దానికి అభ్యంతరము లేదు; నీడ మాత్రము పడరాదు. నేలలో ఇనుప కంబములు పాతి, వాటిపై పలకలను దక్షిణాభిముఖముగా, మన అక్షాంశమునకు సరిపోవునట్లు పదునైదు పదునెనిమిది డిగ్రీల వాలుతో బిగింతురు. ఉత్తరార్ధగోళమున ఏటిలో అధికభాగము సూర్యుడు మనకు దక్షిణముగా నడచుటయే ఈ వాలునకు హేతువు.

సిలికాన్ ఘటమొక్కటి ఇచ్చునది అరవోల్టుకు కొంచెము పైబడిన పీడనము మాత్రమే. అట్టి ఘటములు డెబ్బదిరెండు వరుసగా కలిసి ఒక ప్యానెల్ అగును. ఇరువది, ఇరువదియైదు ప్యానెళ్ళు వరుసగా కలిసి వేయి వోల్టుల దాకా చేరును. వరుసగా కలుపుటలో ఒక చిక్కున్నది. ఒక ఘటముపై ఎండుటాకు పడినను, పక్షి రెట్ట పడినను ఆ వరుస యంతటిలో ప్రవాహము సన్నగిల్లును. దీనిని తప్పించుటకు ప్రతి ప్యానెల్ వెనుక పక్కదారి నిచ్చు డయోడులను అమర్చెదరు. దుమ్మును మాత్రము మనుష్యులే తుడువవలెను. ఎండ తీవ్రముగా నున్నపుడు కాగిన అద్దముపై చన్నీళ్ళు చల్లరాదు గనుక ఆ పనిని తెల్లవారుజామున గాని సాయంకాలమున గాని చేయుదురు. నీటికి కటకటయైన ఈ మెట్టసీమలో, పలకలను కడుగు నీరు సైతము లెక్కపెట్టవలసిన ఖర్చే.

పలకలనుండి వచ్చునది ఒకే దిశలో పారు ఏకముఖ విద్యుత్తు. ఇన్వర్టరు దానిని సెకనుకు 50 ఆవర్తనములు గల ప్రత్యావర్తి విద్యుత్తుగా మార్చును. ట్రాన్స్‌ఫార్మరు దానిని 11 వేల వోల్టులకో 33 వేల వోల్టులకో పెంచి సబ్‌స్టేషనునకు పంపును. మీటరు లెక్క వ్రాసికొనును. ఇన్వర్టరునకు మరియొక బాధ్యత కూడ కలదు. ఊరి లైనులో కరెంటు నిలిచిన క్షణమున అది తన పనిని తానే ఆపివేయును. ఎండ కాయుచున్నను కేంద్రము మిన్నకుండుటకు కారణము, స్తంభమెక్కి తీగలు సరిచేయు లైన్‌మన్ ప్రాణమే.

ఒక మెగావాటు కేంద్రము మన ప్రాంతపు ఎండలో ఏటికి సుమారు పదునైదు పదునారు లక్షల యూనిట్లు పండించును. నిండు మధ్యాహ్నమున అది తన పూర్ణశక్తితో పనిచేయునపుడు ఐదు అశ్వశక్తుల మోటారులు ఇంచుమించు రెండు వందలను నడుపగలదు. ఒక మధ్యతరగతి గ్రామపు బోరుబావులకు ఇది చాలిన బలము. అంతకంటె గమనింపదగిన విషయము, పైరునకు నీటి తడి అధికముగా కావలసిన ఎండవేళనే ఈ కరెంటును అధికముగా లభించుట. రాత్రి కరెంటుతో విసిగిన రైతుకు పగటి కరెంటును ప్రకృతియే ఏర్పరచియిచ్చినట్లయినది.

చెదరగొట్టి నాటిన విత్తనము

2010 జనవరిలో భారత ప్రభుత్వము జవాహర్‌లాల్ నెహ్రూ జాతీయ సౌర మిషనును ప్రారంభించినపుడు 2022 నాటికి 20,000 మెగావాట్లను లక్ష్యముగా పెట్టుకొనెను. 2015లో ఆ లక్ష్యమును లక్ష మెగావాట్లకు పెంచెను. 2010 కడపటి టెండర్లలో యూనిట్టు వెల సగటున పండ్రెండు రూపాయలకు పైననే యుండెను. 2015 నవంబరులో కర్నూలు జిల్లా గని గ్రామము వద్ద సౌరపార్కు టెండరులో 4 రూపాయల 63 పైసలకు, 2017లో రాజస్థానములోని భడ్లాలో 2 రూపాయల 44 పైసలకు వెల దిగివచ్చెను. ఏడేండ్లలో ఒక వస్తువు వెల అయిదవ వంతునకు పడిపోవుట మన విద్యుత్ చరిత్రలో అంతకుముందు కనివిని యెరుగనిది.

చౌకయైన ఈ పంటను ఎచ్చట పండింపవలెనను ప్రశ్నకు పొరుగునే ఉన్న రెండు తెలుగు రాష్ట్రములు రెండు విధములుగ సమాధానము చెప్పినవి. ఆంధ్రప్రదేశము కర్నూలు జిల్లాలో ఆరువేల ఎకరములకు చేరువైన విశాలక్షేత్రమున వేయి మెగావాట్ల సౌరపార్కును 2017లో పూర్తిచేయించెను. తెలంగాణ మార్గము వేరు. 2014 జూన్ 2వ తేదీన విద్యుత్ కొరతతో జన్మించిన ఈ రాష్ట్రము 2015లో సౌరవిద్యుత్ విధానమును ప్రకటించి, రెండువేల మెగావాట్లకు టెండర్లు పిలుచునపుడు, ఒకే చోట మహాక్షేత్రమును నిర్మింపక, జిల్లాలలోని సబ్‌స్టేషనులవారీగా ఎచ్చట ఎంత విద్యుత్తు కలుపవచ్చునో చూపి, అక్కడక్కడ చిన్న పెద్ద కేంద్రములు వెలయునట్లు చేసెను. ఎచ్చట మోటారులు తిరుగుచున్నవో ఆ చేరువనే విద్యుత్తు పుట్టినచో, దూరపు తీగలపై మార్గమధ్యమున వ్యర్థమగు శక్తి మిగులును, కొత్త మహాతంత్రుల ఖర్చును తగ్గును. ఆ విధానఫలముగ 2017, 2018 నాటికి సౌరవిద్యుత్తునందు దేశములోని అగ్రశ్రేణి రాష్ట్రములలో తెలంగాణ నిలిచినది. 2018 జనవరి 1 నుండి వ్యవసాయమునకు ఇరువదినాలుగు గంటల ఉచిత విద్యుత్తును ప్రకటించుటకు ధైర్యమునిచ్చిన కారణములలో ఈ పగటి పంట యొకటి.

గొలుసుకట్టు చెరువులను గూర్చి చదివిన పాఠకునకు ఈ పద్ధతి కొత్తగా తోచదు. రాలిన చినుకును రాలిన ఊరిలో నిలుపుట పూర్వుల నీతి. పడిన ఎండను పడిన మండలములో పండించుట నేటి నీతి. ఇంజనీర్లు పూర్వులను తలచుకొని ఈ విధానము చేసిరని నేను చెప్పజాలను; ఎత్తునేల భౌగోళిక స్థితియే ఇరువురి చేత ఒకే పని చేయించెనని చెప్పుట సమంజసము. బొగ్గునకు రాజధానియైన రామగుండమే ఈ మార్పునకు తలయొగ్గినది. 2022 జూలై 1న అచ్చటి థర్మల్ కేంద్రపు జలాశయముపై తేలియాడు నూరు మెగావాట్ల సౌరకేంద్రము పూర్తిగా పనిచేయనారంభించెను; ఆనాటికి దేశములో అట్టి తేలియాడు కేంద్రములలో అదియే పెద్దది.

తీగల దూరము, యాజమాన్యపు దూరము

అయితే చెరువునకును సౌరకేంద్రమునకును ఒక ముఖ్యభేదమున్నది. చెరువు ఊరిది. దాని పూడిక ఊరివారు తీసిరి, దాని చేపలపై ఊరికి హక్కుండెను, దాని నీటిపై జగడములును ఊరివారివే. టెండరులలో వెలసిన సౌరకేంద్రము టెండరు గెలిచిన కంపెనీది. ఇరువదియైదేండ్ల కొనుగోలు ఒప్పందముపై అది విద్యుత్తును పంపిణీ సంస్థకు అమ్మును. వచ్చిన సొమ్ము పెట్టుబడి పెట్టినవారికి, అప్పిచ్చిన బ్యాంకులకు చేరును. నేల అమ్మిన రైతుకు ఒకమారు సొమ్ము, ఊరిలో కొందరికి కాపలా కొలువులు, గడ్డికోత పనులు మాత్రమే మిగులును. తీగల దూరము తగ్గినది నిజమే. యాజమాన్యపు దూరము తగ్గలేదు. కంపెనీలు రాకున్నచో వెల ఇంతగా దిగెడిది కాదనియు, నూతనరాష్ట్రపు కొరత అంత వేగముగ తీరెడిది కాదనియు ఒప్పుకొనవలసినదే. ఐనను ఈ సీమ చరిత్రకారుడు ఈ రెండవ దూరమును లెక్కవేయక విడువరాదు.

2019 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వము ఆమోదించిన కుసుమ్ పథకములోని మొదటి విభాగము ఈ రెండవ దూరమునే ఉద్దేశించినది. సబ్‌స్టేషనునకు అయిదు కిలోమీటర్ల లోపు నేల గల రైతుగాని, రైతుల బృందముగాని, సహకార సంఘముగాని, పంచాయతిగాని అర మెగావాటునుండి రెండు మెగావాట్ల వరకు సౌరకేంద్రము నెలకొల్పి, విద్యుత్తును పంపిణీ సంస్థకు అమ్ముకొనవచ్చును. మహిళా స్వయంసహాయక సంఘములచే వేయి మెగావాట్ల సౌరకేంద్రములను పెట్టించుటకు తెలంగాణ ప్రభుత్వము 2024లో సంకల్పించుటయు ఈ మార్గముననే. మెగావాటు కేంద్రమునకు కోట్ల రూపాయల పెట్టుబడి కావలెను. బ్యాంకు అప్పు, సబ్‌స్టేషనులో చోటు, పంపిణీ సంస్థ సకాలపు చెల్లింపు – ఈ మూడింటిలో ఏది తప్పినను రైతు నిలువలేడు. ఈ కారణముచేత ఒంటరి రైతుకంటె సంఘమునకే ఈ పని సాధ్యమని నా అభిప్రాయము.

సంఘమునకు తగిన నేల ఈ ప్రాంతమున ఉన్నదని చెప్పుటకు సాక్ష్యము దూరమున లేదు. హుస్నాబాదునకు చేరువనున్న ముల్కనూరులో 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి నాయకత్వమున పుట్టిన సహకార గ్రామీణ బ్యాంకు, అప్పులిచ్చుటతో ఆగక, ఎరువులు, విత్తనములు, ధాన్యము మర, పత్తి మిల్లు వరకు రైతుల వ్యవహారమునంతను రైతుల చేతిలోనికే తెచ్చెను. 2002లో ఆ ఒడిలోనే ముల్కనూరు మహిళా పాడి సహకార సంఘము వెలసి, పాలవ్యాపారమును గ్రామస్త్రీల యాజమాన్యమున నిలిపెను. సిరిసిల్లలో కరెంటును పంచు సహకారమును, ముల్కనూరులో పంటను, పాలను అమ్ము సహకారమును ఒకే పాత కరీంనగరు జిల్లాలో పుట్టినవి. కరెంటును పండించు సహకారము ఒక్కటే ఇంకను పెరగవలసియున్నది.

రాత్రి ప్రశ్న మిగిలియున్నది. సూర్యుడు అస్తమించిన పిమ్మట పలకలు మూగబోవును. పగటి మిగులు కరెంటుతో నీటిని పైకి తోడి, రాత్రి ఆ నీటిని వదలి విద్యుత్తును పుట్టించు విద్య నాగార్జునసాగరులోని ఏడు, శ్రీశైలము ఎడమగట్టున ఆరు ఇరుదిశల తిరుగు యంత్రములతో మనకు ముందే తెలిసినదే. బ్యాటరీల వెల తగ్గుటతో మరియొక దారి తెరచుకొనుచున్నది. కావున రాత్రి ప్రశ్నకు సాంకేతికముగ సమాధానము కలదు. యాజమాన్యపు ప్రశ్నకు సమాధానము యంత్రశాలలలో దొరకదు; సంఘపు లెక్కల పుస్తకములోను, సర్వసభ్య సమావేశములోను దానిని వెదకవలెను. ఆ లెక్కలు వ్రాయుట నేర్చిన ముల్కనూరు చరిత్రను వచ్చు భాగమున సవిస్తరముగ విన్నవింతును.